గ్యాస్ నింపారు, మళ్లీ పోయింది: వినియోగదారుల హక్కులపై ఫోన్-ఇన్

(ప్రత్యక్ష ప్రసారానికి అక్షర రూపం. శ్రోతల పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కొన్న వస్తువు ఒకసారి చెడిపోతే బాగు చేయించుకుంటాం. అదే వస్తువు అదే లోపంతో మళ్లీ మళ్లీ మొరాయిస్తుంటే ఎవరిని అడగాలి? వినియోగదారుల కమిషన్లలో కేసులు వాదించే న్యాయవాది మనతో ఉన్నారు. మొదటి ఫోను తెనాలి నుంచి. చెప్పండమ్మా.

తెనాలి శ్రోత: నమస్కారమండి. పోయిన ఏడాది 38 వేలు పెట్టి ఫ్రిజ్ కొన్నాం. మూడు నెలలు తిరక్కుండానే చల్లదనం తగ్గిపోయింది. ఫిర్యాదు చేస్తే మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళ్లాడు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ పాలు విరగడం మొదలైంది. మళ్లీ గ్యాస్ నింపారు. ఆ తర్వాత కంప్రెసర్ మార్చారు. ఇప్పుడు పై అరలో మంచు గడ్డకడుతోంది, కింద కూరగాయలు కుళ్లిపోతున్నాయి. షాపులో అడిగితే కంపెనీ అంటారు, కంపెనీని అడిగితే సర్వీస్ సెంటర్ అంటారు. వచ్చే నెలతో వారంటీ అయిపోతుంది. కొత్తది ఇవ్వమని అడగవచ్చా?

న్యాయవాది: అడగవచ్చమ్మా. ముందు ఒక సంగతి చెప్పండి. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ మీకు ఏదైనా కాగితం ఇచ్చాడా?

తెనాలి శ్రోత: కాగితమేమీ లేదండి. నా ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది చెప్పించుకుని వెళ్లిపోతాడు.

న్యాయవాది: చిక్కంతా అక్కడే ఉంది. మీరు ఓటీపీ చెప్పగానే ఫిర్యాదు పరిష్కారమైపోయిందని కంపెనీ రికార్డుకు ఎక్కుతుంది. రేపు కమిషన్‌లో వాళ్ల వకీలు ఆ చిట్టానే బయటికి తీస్తాడు. పిలిచిన ప్రతిసారీ వెళ్లాం, బాగు చేశాం, ఆవిడే ఓటీపీ ఇచ్చి ఒప్పుకున్నారు అంటాడు. మీరు మొహమాటానికి చెప్పిన అంకెలు మీ కేసుకే అడ్డం వస్తాయి.

వ్యాఖ్యాత: చెప్పకపోతే ఆ అబ్బాయి గుమ్మం దిగడు కదండీ. తన జీతంలో కోత పడుతుందంటాడు.

న్యాయవాది: అది నిజమే కావచ్చు కూడా. అతనితో గొడవ వద్దు. ఫ్రిజ్ బాగయిందో లేదో ఒక రాత్రి గడిస్తేగాని తెలియదు కాబట్టి, రేపు చూసి చెబుతానని మర్యాదగా అనండి. తప్పనిసరై ఇచ్చేసినా ఆ సాయంత్రమే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: ఫలానా తేదీన గ్యాస్ నింపారు, లోపం పోయిందో లేదో ఇంకా తేలలేదు అని. రెండు వాక్యాలు చాలు. జాబ్ షీట్ అడిగి తీసుకోండి. అందులో తేదీ, మీరు చెప్పిన లోపం, మార్చిన భాగం ఉండాలి. 'చెక్ చేశాం, ఓకే' అని మాత్రమే రాసిన షీటు మీద సంతకం పెట్టకండి. పెట్టాల్సి వస్తే, లోపం అలాగే ఉందని మీ చేతిరాతతో పక్కన రాసి అప్పుడు పెట్టండి.

తెనాలి శ్రోత: ఇప్పటివరకు జరిగినదానికి నా దగ్గర ఆధారమే లేదన్నమాట.

న్యాయవాది: ఎందుకు లేదు? ఫిర్యాదు చేసినప్పుడల్లా నంబరుతో మెసేజ్ వచ్చి ఉంటుంది. ఫోనులో వెతకండి, తొలగించకండి. కంప్రెసర్ మార్చిన సంగతి వాళ్ల రికార్డులోనే ఉంటుంది, దాని వివరాలు రాతపూర్వకంగా అడగండి. ఇక వారంటీ మాట. వారంటీలో ఉండగా మొదలై, ఫిర్యాదుగా నమోదైన లోపం బాగు కానప్పుడు, గడువు దాటిపోయిందనే వాదన అంత తేలిగ్గా నిలవదు. అయినా ఈ నెలలోపే ఇంకో ఫిర్యాదు నమోదు చేయించండి. కేసు వేయడానికి, వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్ల వ్యవధి ఉంటుంది.

వ్యాఖ్యాత: కొత్త ఫ్రిజ్ వస్తుందా, డబ్బు వస్తుందా?

న్యాయవాది: 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. లోపం సరిచేయమని, వస్తువు మార్చి ఇవ్వమని, ధర తిరిగి చెల్లించమని, పరిహారం ఇవ్వమని కమిషన్ ఆదేశించవచ్చు. ఏది ఇవ్వాలో నిర్ణయించేది కమిషనే. పదిసార్లు రిపేరుకు వెళ్లింది కాబట్టి కొత్తది వచ్చి తీరుతుందని నేను ఆశ పెట్టను. 2006లో ఒక కారు కేసులో, వారంటీ పత్రంలో ఉన్నది లోపమున్న భాగాన్ని బాగు చేయడం లేదా మార్చడం కాబట్టి మొత్తం కారు మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే తయారీలోనే లోపం ఉందని చూపించడం ముఖ్యం. మీ విషయంలో కంప్రెసర్ మార్చాక కూడా చల్లదనం రాలేదు, అది మీకు బలమైన అంశం. కంపెనీ మాత్రం కరెంటు హెచ్చుతగ్గుల వల్ల పోయిందంటుంది, స్టెబిలైజర్ పెట్టలేదంటుంది. అవసరమైతే కమిషన్ ప్రయోగశాల పరీక్షకు ఆదేశిస్తుంది, దాని ఫీజు ముందుగా మీరే కట్టాలి. కాబట్టి విసుగుపుట్టి బయటి మెకానిక్‌తో విప్పించకండి, పాత సామాను వాళ్లకు అమ్మేయకండి. ఆ ఫ్రిజ్జే మీ సాక్షి.

తెనాలి శ్రోత: కేసంటే మావారు భయపడుతున్నారండి. ఖర్చవుతుందని.

న్యాయవాది: ముందు 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. కొన్ని కంపెనీలు అక్కడే దారికి వస్తాయి. రాకపోతే షాపుకు, కంపెనీకి, సర్వీస్ సెంటర్‌కు ముగ్గురికీ నోటీసు రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. తర్వాత జిల్లా కమిషన్‌లో ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. అప్పుడు ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట అక్కడే ఆడుకోవాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలనే నియమమూ లేదు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నానేమో గానీ, ఫ్రిజ్ కేసును మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, ఉన్నది 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టండి.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను అమెరికాలోని డాలస్ నుంచి.

డాలస్ శ్రోత: నమస్తే అండి. కరీంనగర్‌లో ఉన్న అమ్మానాన్నలకు ఆన్‌లైన్లో వాషింగ్ మెషిన్ పంపించాను. మొదటి వారం నుంచే నీళ్లు కారుతున్నాయి. రెండుసార్లు బాగు చేశారు, ఇంకా కారుతూనే ఉంది. రిటర్న్ గడువు దాటిందని ఇక మాట్లాడటం లేదు. బిల్లు నా పేరు మీద ఉంది. నేను రాలేను.

న్యాయవాది: మీరు రానక్కర్లేదు. కొన్నవారి అనుమతితో వాడుకునే వారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. మీ నాన్నగారు కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే వీలు ఈ చట్టంతో వచ్చింది. వారి కోసమే కొన్నానని ఒక ఉత్తరం రాసి, బిల్లు, చెల్లింపు రుజువు పంపండి. రిటర్న్ గడువనేది ఆ వెబ్‌సైటు పెట్టుకున్న నియమం. లోపమున్న వస్తువు మీద చట్టం ఇచ్చిన హక్కు దానితో పోదు. సైటులో గ్రీవెన్స్ అధికారి వివరాలు ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో మాట్లాడి వదిలేయకుండా ఆ అధికారికే రాయండి.

వ్యాఖ్యాత: ధర్మవరం నుంచి మరొకరు వేచి ఉన్నారు.

ధర్మవరం శ్రోత: నేను ఇంట్లో జాకెట్లకు ఎంబ్రాయిడరీ వేస్తానండి. అప్పు చేసి 3 లక్షలకు పైగా పెట్టి కంప్యూటర్ మెషిన్ కొన్నాను. డిజైన్ సగంలో ఉండగా సూది ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడితే కుట్టు పక్కకు జరుగుతుంది. పెళ్లివాళ్ల పట్టు జాకెట్టు ఒకటి పాడై, బట్ట ఖరీదు నేనే కట్టుకున్నాను. బోర్డు రెండుసార్లు మార్చారు. గట్టిగా అడిగితే, ఇది వ్యాపారానికి కొన్నది, మీకు వినియోగదారుల చట్టం వర్తించదు అంటున్నారు.

న్యాయవాది: మీ దగ్గర జీతానికి పనివాళ్లున్నారా?

ధర్మవరం శ్రోత: లేరండి. నేనే కుడతాను. పండగలప్పుడు మా చెల్లెలు సాయం చేస్తుంది.

న్యాయవాది: అయితే వాళ్లు సగమే చెప్పారు. వాణిజ్య అవసరానికి కొంటే వినియోగదారు కారనే మాట నిజమే. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నది వాణిజ్యం కిందికి రాదని, వినియోగదారు ఎవరో చెప్పే అదే సెక్షన్ వివరణలో ఉంది. పది మెషిన్లు, పదిమంది పనివాళ్లు ఉంటే నేను ఇలా చెప్పను. పాడైన జాకెట్టు ఉంచారా?

ధర్మవరం శ్రోత: ఉందండి, బీరువాలో.

న్యాయవాది: ఫొటోలు తీసి జత చేయండి, బట్ట ఖరీదు కట్టిన రుజువు కూడా. పరిహారం అడగడానికి అవి పనికొస్తాయి. ఫిర్యాదులో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి, లేకపోతే వాళ్లు మొదటి అభ్యంతరం దాని మీదే పెడతారు. రాసుకోండి: 'ఈ యంత్రాన్ని స్వయం ఉపాధి ద్వారా నా జీవనోపాధి కోసం మాత్రమే కొన్నాను, దీనిని నేనే స్వయంగా నడుపుతున్నాను.'

ధర్మవరం శ్రోత: 'నేనే స్వయంగా నడుపుతున్నాను.' రాసుకున్నానండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మిగిలిన ఫోన్లు వచ్చే వారం తీసుకుంటాం. నమస్కారం.