వేడెక్కాక స్లో నిలబడని ఓమ్ని

(ముందు సీటు ఎత్తి, కింద ఇంజిన్ చూపిస్తూ)

నమస్తే అండీ. రావులపాలెంకి అరటి గెలలు తోలే బండి ఇది. మారుతి ఓమ్ని, 796 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజెక్షన్ మోడల్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బుద్ధిగానే ఉంటుంది. వేడెక్కాక వినండి.

(ఇంజిన్ శబ్దం)

స్లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, లేస్తోంది, పడుతోంది. లోడుతో గేటు దగ్గర ఆగితే టప్పున ఆగిపోతోందట.

ఇదివరకే ఎవరో థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పేశారు. థ్రాటిల్ అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు, అది ఎంతవరకు మూసుకోవాలో ఆపేది ఈ స్క్రూ. కార్బురేటర్ రోజుల అలవాటండి! అప్పట్లో స్లో స్క్రూ పావు చుట్టు తిప్పితే పనైపోయేది. ఇంజెక్షన్ బండిలో ఆ పని ఈసీయూది, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ది. మనం యాక్సిలరేటర్ వదిలేశాక, థ్రాటిల్ పక్క దారిలోంచి ఎంత గాలి పోవాలో ఐడిల్ వాల్వ్‌తో అదే సర్దుతుంది. లెక్కలో లేని గాలి ఇంకెక్కడి నుంచైనా దూరిందనుకోండి, ఆర్‌పీఎం లేస్తుంది. ఈసీయూ తగ్గిస్తుంది, మరీ పడిపోతుంది, మళ్లీ పెంచుతుంది. ఈ ఊగుడు అదే.

అందుకే ముందు రబ్బరు గొట్టాలు చూస్తాను. సీటు కింద వేడికి ఏళ్ల తరబడి ఉడికి పెళుసెక్కిపోతాయి. ఈ పీసీవీ గొట్టం, అంటే ఇంజిన్ లోపలి ఆవిర్లని మానిఫోల్డ్‌లోకి, అదే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలోకి, లాగేది, పైనుంచి చూస్తే బాగానే ఉంది. మలుపు అడుగున వేలు పెడితే... ఇదిగో బీట, గోరు దిగుతోంది. ప్లయర్‌కి గుడ్డ చుట్టి, బీటకీ మానిఫోల్డ్‌కీ మధ్య మెల్లగా నొక్కుతున్నా.

(శబ్దం నిలకడగా)

విన్నారా? కొందరు కార్బ్ క్లీనర్, అంటే ఇట్టే అంటుకునే స్ప్రే, కొట్టి లీకు వెతుకుతారు. వేడి ఇంజిన్ మీద, సీటు కింద, నేనైతే చచ్చినా కొట్టను.

గొట్టం మార్చాం, స్క్రూ సరిచేశాం, థ్రాటిల్ బాడీలో కార్బన్ తుడిచాం. ఇంజిన్ వేడి ఎంతో ఈసీయూకి చెప్పే కూలెంట్ సెన్సార్ కూడా కొలిచాం: ఇంజిన్ 80 డిగ్రీలకొచ్చాక 300 ఓమ్‌ల దగ్గరుంది, దాని తప్పేం లేదు. అయినా హెడ్‌లైట్ వేస్తే స్లో దిగుతోంది. ఈయనది అంతర్వేది వైపు, ఉప్పుగాలి. అనుమానమొచ్చి ఎర్త్ వైరు విప్పితే, లోపల రాగి పచ్చగా పొడి రాలుతోంది. లైట్లు వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య మీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. వైరు చివర కొత్త లగ్ (బోల్టుకి బిగించే కొస) వేసి, కింద తుప్పు గీకి బిగించాం.

ఇప్పుడు లైట్లు వేసినా కదలట్లేదు. పాత గొట్టం మాత్రం ఓనర్ గారు పారేయనివ్వలేదు. స్క్రూ తిప్పినాయనకి చూపిస్తారట.