చలికి తెల్లబడే వేళ్లు

అందరికీ నమస్కారం. ఈ రోజు జూన్ 29, ప్రపంచ స్క్లెరోడెర్మా దినం. ఈ జబ్బుతో బాధపడుతూనే బొమ్మలు వేసిన పౌల్ క్లే 1940లో కన్నుమూసింది ఈ తేదీనే. మెడికల్ విద్యార్థులకు నేను మాత్రం ఒక డాక్టరు గురించి చెబుతాను. ఆమె పేరు కేరల్ బ్లాక్.

ఇంగ్లండ్‌లోని లీస్టర్‌షైర్‌లో 1939లో పుట్టారు. బ్రిస్టల్ యూనివర్సిటీలో మొదట చదివింది చరిత్ర. తర్వాత అక్కడే మెడిసిన్‌లో చేరి, 1970లో డాక్టరయ్యేసరికి ముప్పయ్యేళ్లు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో రెండు మూడేళ్లు గడిపి, లేటైపోయిందని టెన్షన్ పడుతున్న పిల్లలు మీలో ఉన్నారు. అందుకే ఈ వయసు సంగతి ముందు చెప్పాను.

లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఆమె స్క్లెరోడెర్మా పరిశోధనను, చికిత్సను ఒకచోటికి తెచ్చారు. ఆ పేరుకు అర్థం గట్టి చర్మం. పేరు విని దీన్ని చర్మవ్యాధి అనుకుంటే మాత్రం పొరపాటే. చాలామందిలో కథ మొదలయ్యేది సన్నని రక్తనాళాల్లో. చలి తగలగానే నాళాలు ముడుచుకుపోతాయి. వేళ్లు తెల్లబడి, నీలమై, మళ్లీ ఎర్రబడతాయి. 1862లో పారిస్‌లో మోరిస్ రేనో వివరించిన లక్షణం ఇదే. వేళ్లు ఇలా తెల్లబడే వాళ్లలో ఎక్కువమందికి ఏ పెద్ద జబ్బూ ఉండదు. కానీ స్క్లెరోడెర్మా రోగుల్లో దాదాపు అందరికీ ఇది ఉంటుంది, ఒక్కోసారి చర్మం బిగుసుకోవడానికి ఏళ్ల ముందే.

అదే నాళాల దెబ్బ ఊపిరితిత్తుల్లో జరిగితే ఆయాసం. కిడ్నీలో జరిగితే బీపీ ఒక్కసారిగా ఎగబాకి ప్రాణం మీదికి వస్తుంది. క్యాప్టోప్రిల్ లాంటి ఏసీఈ ఇన్హిబిటర్లు అనే బీపీ మందులు రాకముందు ఆ కిడ్నీ సంక్షోభం నుంచి బయటపడినవాళ్లు చాలా తక్కువ. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను: ఈ రోగులకు స్టిరాయిడ్ డోసు పెంచితే ఆ ముప్పు కూడా పెరుగుతుంది. రాసేముందు ఆలోచించండి.

2002 నుంచి 2006 దాకా కేరల్ బ్లాక్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థకు అధ్యక్షురాలు, ఆ పదవిలో రెండో మహిళ. తర్వాత కేంబ్రిడ్జ్‌లో న్యూనమ్ కాలేజీకి 2012 నుంచి 2019 దాకా ప్రిన్సిపల్.

మనది వేడి ప్రాంతం కదా, ఇక్కడ చలి ప్రశ్న దేనికి అంటారేమో. ఏసీ ఆఫీసులున్నాయి, ఫ్రిజ్ ఉంది, పుష్యమాసంలో తెల్లవారుజామున చన్నీళ్లతో గిన్నెలు తోమే చేతులున్నాయి. ఓపీలో ఒకామె "వేళ్లు తిమ్మిరెక్కి పాలిపోతున్నాయి డాక్టర్‌గారూ" అంటే విటమిన్ మాత్రలు రాసి పంపకండి. గోరు మొదట్లో ఒక చుక్క నూనె వేసి కంటి లోపలి భాగం చూసే ఆఫ్తాల్మోస్కోప్‌తో చూడండి. ఉబ్బిపోయిన కేశనాళికలు (వెంట్రుకంత సన్నని రక్తనాళాలు), మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తే ఆమెను ఆ వారమే రుమటాలజిస్టు, అంటే ఇలాంటి జబ్బులు చూసే నిపుణుల దగ్గరికి పంపండి.