కాలితో వాయించే బేస్‌కి ఏ టోన్ పెట్టాలి?

అందరికీ నమస్కారం.

గిటార్, కీబోర్డ్, గాత్రం. ఇంతే ఉన్న చిన్న బృందాలు మన దగ్గర చాలా ఉన్నాయి. బేస్ (పాటకు అడుగున మోగే మంద్ర స్వరాలు) వాయించే మనిషి దొరకడు, దొరికినా ప్రతి కార్యక్రమానికీ తీసుకెళ్లే వీలుండదు. అలాంటివాళ్లు కాలితో వాయించే మిడి పెడల్ కొనాలనుకుంటారు. మిడి అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానికొకటి కబురు పంపుకునే పద్ధతి. మంచి ఆలోచనే. అయితే బడ్జెట్ అంతా పెడల్ మీదే పెట్టేసి, శబ్దం (టోన్) సంగతి తర్వాత చూసుకుందాం అనుకోవడం నాకు నచ్చదు. పెడల్‌లో శబ్దం ఉండదు. ఏ స్వరం తొక్కారు, ఎంత గట్టిగా తొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే అది పంపుతుంది. ఆ కబురు అందుకుని పలికేది వేరే పరికరం. ఎదురుగా కూర్చున్నవాళ్లు వినేది దాన్నే.

మిడి 1983లో వచ్చింది. అంతకు ముందే, 1970లలో, మూగ్ కంపెనీ టారస్ అనే 13 పెడళ్ల వాద్యం చేసింది. దానిలో సింథ్, అంటే శబ్దాన్ని పుట్టించే సింథసైజర్, లోపలే ఉండేది. జెనెసిస్ బృందంలో మైక్ రూథర్‌ఫర్డ్, రష్ బృందంలో గెడ్డీ లీ చేతులతో గిటార్ వాయిస్తూనే కాలితో దాన్ని పలికించారు. అది అంత బాగా పనిచేయడానికి కారణం నా దృష్టిలో ఒక్కటే: ఆ శబ్దాన్ని కాలి కోసమే తయారుచేశారు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. వాల్యూమ్, శబ్దపు పదును మార్చే ఫిల్టర్ కూడా కాలితో జరిపేలా పెట్టారు. ఈరోజు పెడల్ ఒకచోట, శబ్దం ఒకచోట కొనుక్కుంటున్నాం కాబట్టి ఆ పొత్తు మనమే కుదుర్చుకోవాలి.

కాలు వేలులా కదలదు. ఒక పెడల్ నుంచి పక్క పెడల్‌కి వెళ్లేటప్పుడు రెండూ ఒక క్షణం కలిసి నొక్కుకుంటాయి, లేదంటే మధ్యలో ఖాళీ వస్తుంది. పియానో టోన్‌లాగా ఒకేసారి ఎన్ని స్వరాలైనా పలికే టోన్ పెట్టారనుకోండి, మంద్రంలో సి, డి రెండూ కలుస్తాయి. ఒకటి 65 హెర్ట్జ్, ఇంకొకటి 73. సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటూ బురదలాంటి మోత వస్తుంది. అందుకే బేస్‌కి మోనో టోన్, అంటే ఒకసారికి ఒక్క స్వరమే పలికేది, పెట్టండి. మోనోలోనూ చివర తొక్కిన స్వరానికి ప్రాధాన్యం ఇచ్చేదే కావాలి. కొన్ని పాత అనలాగ్ సింథ్‌లు కింది స్వరానికి ప్రాధాన్యం ఇస్తాయి. వాటిలో పై స్వరానికి వెళ్లినప్పుడు, కింది పెడల్ పూర్తిగా వదిలేదాకా కొత్త స్వరం పలకదు. తాళం తప్పింది మీరే అనుకుంటారు, కానీ తప్పు టోన్‌ది. ఇక ఖాళీల సంగతి. రిలీజ్, అంటే పెడల్ వదిలాక స్వరం ఆగడానికి పట్టే సమయం, కాస్త పెంచితే అవి వినపడవు.

వెలాసిటీ, అంటే తొక్కిన బలాన్ని బట్టి శబ్దం మారడం, దాని గురించి నా మాట సూటిగా చెప్తాను: బేస్‌కి దాన్ని ఆపేయండి. నిలబడి గిటార్ వాయిస్తూ ఒంటికాలి మీద బరువు వేసి తొక్కేవాడు ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో తొక్కలేడు. పెడల్‌లో అయినా, సింథ్‌లో అయినా వెలాసిటీని ఒకే విలువకు కట్టేస్తే బేస్ నిలకడగా ఉంటుంది.

ఇంట్లో హెడ్‌ఫోన్లలో అదిరిపోయిన టోన్ స్టేజీ మీద మాయమవుతుందని చాలామంది అంటారు. పియానోలో అన్నిటికన్నా కింది సి 32.7 హెర్ట్జ్. కల్యాణ మండపంలో పెట్టే మామూలు 12 అంగుళాల బాక్సులు దాన్ని సరిగా పలకలేవు. మంద్ర స్వరాల కోసం పెట్టే సబ్‌వూఫర్ స్పీకర్ లేదని తెలిస్తే ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి జరపండి. టోన్ కూడా నున్నటి సైన్ తరంగం కాకుండా, పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటే మోగే పై స్వరాలు) బాగా ఉన్న సా (రంపపు పళ్ల ఆకారపు) తరంగమో, కొద్దిగా డ్రైవ్ (కరకుదనం) కలిపినదో తీసుకోండి. పై హార్మోనిక్స్ వినిపిస్తే చాలు, మూల స్వరాన్ని మన చెవి తనే పూరించుకుంటుంది. సౌండ్ చెక్‌లో మొదట చూడాల్సింది ఇదే.

శాస్త్రీయ గాత్రంతో వాయించేవాళ్లకు లెక్క మారుతుంది. అక్కడ కావాల్సింది బేస్ లైన్ కాదు, శ్రుతి. కీత్ మెక్‌మిలన్ 12 స్టెప్ లాంటి పెడళ్లలో ఒక్క మీటకు ఐదు స్వరాల దాకా పెట్టుకోవచ్చు. స, ప, పై స కలిపి ఒక మీటకు ఇచ్చి, నెమ్మదిగా మొదలయ్యే ప్యాడ్ టోన్‌తో పట్టుకోవచ్చు. ఇక్కడ మోనో పనికిరాదు. గాంధారం మాత్రం కలపొద్దు. కీబోర్డ్ గాంధారం, తంబూరాలో తనంతట తాను వినిపించే అంతర గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు ఎక్కువ (కీబోర్డ్‌లో పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). పాడేవాళ్లకు అది ఇబ్బంది. పంచమంలో తేడా రెండు సెంట్లే, దానితో పేచీ లేదు. గాయకుడిది ఒకటిన్నర శ్రుతి, తర్వాత పాడే అమ్మాయిది ఐదున్నర అయితే, పెడల్ మీద కాలి అలవాటు మార్చుకోకుండా, స్వరాలన్నిటినీ కలిపి పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ వాడండి.

మరి దేన్ని కొనాలి? చాలామంది దగ్గర జవాబు ఇప్పటికే ఉంది. స్టేజీ మీదున్న కీబోర్డ్‌కి వెనక మిడి ఇన్ అనే సాకెట్ ఉంటే, పెడల్‌ని వేరే చానెల్‌లో పెట్టి అదే కీబోర్డ్‌లోని బేస్ టోన్‌ని పలికించవచ్చు. ఒక చిక్కు ఉంది. యూఎస్‌బీ మాత్రమే ఉన్న పెడల్‌ని కీబోర్డ్ వెనకాల కంప్యూటర్ కోసం ఇచ్చిన యూఎస్‌బీలో పెడితే పనిచేయదు. రెండూ కంప్యూటర్ కోసం ఎదురుచూసేవే. మధ్యలో యూఎస్‌బీ హోస్ట్ పెట్టె కావాలి. కొనేముందు ఇది అడగండి.

విడిగా కొనేటట్లయితే ల్యాప్‌టాప్ కన్నా మూగ్ మినీటార్ లాంటి చిన్న బేస్ సింథ్‌నే ఎంచుకుంటాను. ఆలస్యం ఎక్కువన్నది కాదు నా కారణం. మిడి కేబుల్‌లో ఒక స్వరం వెళ్లడానికి పట్టేది ఒక మిల్లీసెకను. ల్యాప్‌టాప్ శబ్దాన్ని ముందుగా పోగేసుకునే బఫర్ 256 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ అయితే దానివల్ల వచ్చే ఆలస్యం సుమారు ఐదు మిల్లీసెకన్లు. దాన్ని భరించవచ్చు. అసలు కారణం కరెంటు. పందిరి కింద కరెంటు పోయి జనరేటర్‌కి మారే ఆ కాసేపట్లో విడి అడాప్టర్ మీద నడిచే ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె), హబ్ ఆగిపోతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా అన్నిటినీ మళ్లీ కలపాలి. చిన్న సింథ్ కరెంటు రాగానే వెంటనే లేస్తుంది.

అలాగే కేబుల్ ఊడే ప్రమాదం. స్వరం తొక్కి పట్టుకున్నప్పుడు ఊడిందంటే, ఆపమన్న కబురు సింథ్‌కి చేరదు. బేస్ అలా మోగుతూనే ఉంటుంది. కొన్ని పరికరాలు యాక్టివ్ సెన్సింగ్ అనే సంకేతంతో దీన్ని పసిగడతాయి. అది 300 మిల్లీసెకన్లపాటు రాకపోతే తామే స్వరాలు ఆపేస్తాయి. మీ పెడల్ అది పంపుతుందో లేదో ఇంట్లోనే కేబుల్ లాగి చూడండి. పంపకపోతే, అన్ని స్వరాలూ ఆపే 123వ కంట్రోల్ మెసేజ్‌ని పంపే మీట ఏదైనా చేతికి అందేచోట పెట్టుకోండి. ఆ మీటా సింథ్‌కి వేరే దారిన చేరాలి. ఊడిన కేబుల్ మీదే ఆధారపడితే అది కూడా పలకదు.

ఇప్పుడు ఇక్కడున్న పెడల్‌ని ముందు కీబోర్డ్‌కి, తర్వాత సింథ్‌కి కలిపి ఒకే బేస్ లైన్ వాయిస్తాను. సబ్‌వూఫర్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి. వెనక వరసలో ఉన్నవాళ్లు తేడా ఎక్కడ వినిపించిందో చెప్పండి.