హల్ హౌస్: మీరనుకునే సెటిల్‌మెంట్ కాదు!

సెటిల్‌మెంట్ హౌస్ మీద వీడియో చేస్తున్నానంటే మా ఫ్రెండ్ "ఏ భూమి గొడవరా?" అన్నాడు. ఇంకొకాయన స్టువర్టుపురం గుర్తుచేశారు. అదీ కాదండీ. అక్కడ జనాన్ని తెచ్చి కట్టడిలో పెట్టింది సర్కారు. సెటిల్‌మెంట్ హౌస్‌లో డబ్బూ చదువూ ఉన్నవాళ్లే పేదల వాడకి కాపురానికి వచ్చి, ఇరుగుపొరుగుగా ఉంటూ వాళ్లకి సాయపడ్డారు.

"ఓ, అన్నదాన సత్రమా?" అంటారు చూడండి, నాకు అసలు చిరాకు అక్కడే.

లండన్‌లో 1884లో టాయిన్‌బీ హాల్ అనే తొలి సెటిల్‌మెంట్ హౌస్ మొదలైంది. అది చూసొచ్చిన జేన్ ఆడమ్స్ అనే అమెరికన్ మహిళ, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889 సెప్టెంబర్‌లో చికాగో హాల్‌స్టెడ్ స్ట్రీట్‌లో ఒక పాత మేడలో దిగింది. చార్లెస్ హల్ అనే ఆయన కట్టించిన ఇల్లు కాబట్టి హల్ హౌస్. చుట్టూ ఇటలీ, గ్రీస్, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు, రష్యా నుంచి వచ్చిన యూదులు.

ఇక నాకిష్టమైన సూప్ కథ. ఇరుగుపొరుగు తిండి బాగోలేదని వీళ్లకి తోచింది. ఒకామెను బోస్టన్ పంపి, శాస్త్రీయంగా వండటం నేర్పించి, పబ్లిక్ కిచెన్ తెరిచారు. బలమైన తిండి, చవక కూడా. అయినా పెద్దగా ఎవరూ కొనలేదు! బలమైనదే గానీ నాకు నచ్చిందే తింటానని ఒకావిడ మొహంమీదే చెప్పేసింది. ఇంట్లో ఆవకాయ ఉండగా చప్పిడి సూప్ ఎవరు తాగుతారండీ? హల్ హౌస్ చరిత్రలో నేను చూసేది ఇదే: పక్కింటివాళ్లకి ఏం కావాలో మనం ఊహించుకోకూడదు, అక్కడే ఉండి తెలుసుకోవాలి.

[తెరపై: చెత్తబండి బొమ్మ]

ఈసారి సూప్ కాదు, చెత్త. వీధుల్లో చెత్తపెట్టెలు పొంగిపొర్లేవి. కాంట్రాక్టు నాకివ్వండని జేన్ టెండర్ వేస్తే తోసిపుచ్చారు. కానీ 1895లో మేయర్ ఆమెనే ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టర్‌ని చేశాడు. తెల్లారి ఆరింటికే లేచి బండ్ల వెంట తిరిగేది. ఒక సందులో చెత్త తవ్వితే 18 అంగుళాల కింద రోడ్డు బయటపడింది! తర్వాత ఆమెకి వచ్చిన నోబెల్ గురించి అందరూ చెబుతారు, నాకు మాత్రం ఈ ఉద్యోగమే గొప్పగా కనిపిస్తుంది.

1900లో లేబర్ మ్యూజియం పెట్టారు. వలస వచ్చిన అమ్మలు తమ ఊళ్ల పద్ధతిలో నూలు వడికి చూపించేవాళ్లు. పల్లెటూరి వేషంలో ఉన్న అమ్మతో కలిసి రావడానికి సిగ్గుపడి, ఒక ఇటాలియన్ అమ్మాయి వేరే గుమ్మం నుంచి లోపలికి వచ్చేది. అమ్మ వడుకుతుంటే జనం మెచ్చుకోవడం చూశాక ఇద్దరూ ఒకే గుమ్మం నుంచి రావడం మొదలుపెట్టారు. అమ్మకి కొత్తగా ఏదీ నేర్పలేదు, గమనించారా? సూప్ పాఠం బాగానే వంటబట్టింది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. అక్కడే ఉన్న ఫ్లోరెన్స్ కెల్లీ పోరాటంతో 1893లో చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలు ఫ్యాక్టరీల్లో పనిచేయకూడదు. ఆడవాళ్లకి 8 గంటల పని అన్న భాగాన్ని మాత్రం 1895లో కోర్టు కొట్టేసింది. 1899లో చికాగోలో పిల్లలకి ప్రత్యేక కోర్టు వచ్చింది. 1931లో జేన్‌కి నోబెల్ శాంతి బహుమతి. 13 భవనాల దాకా పెరిగిన ఆ చోటుని 1960లలో యూనివర్సిటీ క్యాంపస్ కోసం కూల్చేశారు. ఇప్పుడు మ్యూజియంగా మిగిలినవి రెండే: పాత మేడ, భోజనాల హాలు.