పెట్రాలో ఖజ్నా ముందే ఆగిపోకండి

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మనలో చాలామంది రిటైరయ్యాక పిల్లల దగ్గరికి దుబాయ్, అమెరికా వెళ్లొస్తున్నాం. ఈమధ్య క్రూయిజ్ ప్రయాణాల మీద కూడా ఆసక్తి పెరిగింది. ఎర్ర సముద్రంలో తిరిగే క్రూయిజ్ ఓడలు చాలావరకు జోర్డాన్‌లోని అఖాబాలో ఆగుతాయి. ఆ దేశానికున్న ఒకే ఒక్క సముద్రపు రేవు అది. అక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది కొండల్ని చెక్కి కట్టిన పురాతన నగరం పెట్రా చూడ్డానికే వెళ్తారు. తిరిగొచ్చాక ఫోన్‌లో అందరూ చూపించేది ఒకటే ఫొటో. రెండు కొండల సందులోంచి కనిపించే ఖజ్నా అనే గులాబీ రంగు రాతి కట్టడం, దాని ముందు మనవాళ్లు.

ఆ ఫొటోలో పడని పెట్రా గురించి ఇవాళ మాట్లాడతాను. నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాడిని. ఎక్కడికెళ్లినా నా కన్ను ముందు నీళ్ల మీదికే పోతుంది. పెట్రాలో అలా చూడటమే సరైన పద్ధతని నా గట్టి నమ్మకం.

ముందు టైం సంగతి. అఖాబా నుంచి పెట్రా పక్కనున్న వాడీ మూసా ఊరికి దాదాపు 120 కిలోమీటర్లు. బస్సులో రెండు గంటలు, రానుపోను నాలుగు. మధ్యలో హోటల్ భోజనం. సాయంత్రానికి ఓడ దగ్గర ఉండాలి. లెక్కేసుకుంటే నగరం లోపల తిరగడానికి మిగిలేది మూడు నాలుగు గంటలే. అందులో కూడా కోత పడుతుంది. మా బస్సును దారిలో ఒక బహుమతుల దుకాణం దగ్గర ఆపి చాలాసేపు కదలనివ్వలేదు. అంత దూరం వచ్చినవాళ్ల టైం అలా తినేస్తే కోపం రాదా? బుక్ చేసేటప్పుడే అడగండి, పెట్రా లోపల నికరంగా ఎన్ని గంటలు ఇస్తారని. జవాబు సూటిగా రాకపోతే ఇంకో టూర్ చూసుకోండి.

టికెట్ కౌంటర్ దాటాక కాస్త దూరం నడిస్తే సిక్ మొదలవుతుంది. కొండ నిలువునా చీలి ఏర్పడ్డ ఇరుకు దారి అది. పొడవు 1.2 కిలోమీటర్లు. కొన్నిచోట్ల వెడల్పు మూడు నాలుగు మీటర్లే. అందరూ ఎండ పడే కొండ అంచుల్ని తలెత్తి చూస్తూ నడుస్తారు. మీరు గోడల కింది భాగం చూడండి. ఒక గోడ పొడవునా రాతిలో చెక్కిన కాలువ కనిపిస్తుంది. రెండో గోడకు కాల్చిన మట్టి గొట్టాలు. ఒక గొట్టం మూతి ఇంకో గొట్టంలోకి దూరేలా చేసి, అతుకుల దగ్గర గచ్చుతో మూశారు. గొట్టాలు చాలావరకు పోయినా, అక్కడక్కడ ముక్కలు ఇప్పటికీ గోడకు అంటుకుని ఉన్నాయి. నేను ఒకచోట నిలబడి ఆ అతుకును దగ్గరగా చూశాను. రెండు వేల ఏళ్ల నాటి మేస్త్రీ పనితనం అది. వాలు ఎక్కువైతే ఒత్తిడికి గొట్టాలు పగులుతాయి, తక్కువైతే నీళ్లు పారక పూడిక పడుతుంది. లెవెలింగ్ పరికరాలతో పనిచేసిన మనకు ఆ కష్టం తెలుసు.

ఆ నీళ్లు ఊరి పైనున్న ఐన్ మూసా అనే ఊట నుంచి వచ్చేవి. మోషే ప్రవక్త కర్రతో కొడితే రాతిలోంచి నీళ్లు వచ్చిన చోటు అదేనని అక్కడివాళ్ల నమ్మకం. పెట్రా ప్రాంతంలో ఏడాదికి పడే వాన 150 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన అనంతపురంలోనే సుమారు 550 పడుతుంది. దాన్ని మనం కరవు జిల్లా అంటాం. అలాంటి చోట వేలమంది బతికిన రాజధాని వెలిసిందంటే, ప్రతి కొండ వాలునూ కాలువతో కలిపి, పడ్డ చినుకును పడ్డట్టు రాతి తొట్లలోకి మళ్లించారు కాబట్టే.

ఇదంతా చేసినవాళ్లు నబతీయులనే అరబ్బులు. వాళ్ల గురించి గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాసిన వివరం నాకు చాలా ఇష్టం. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో వీళ్లు ఇళ్లు కట్టుకునేవారు కాదు, పంట వేసేవారు కాదు. ఎడారిలో నేల కింద తొట్లు తవ్వేవారు. మూతి చిన్నది, లోపల విశాలం. వాననీళ్లతో నింపి మూతి కప్పేసి, తమకు మాత్రమే తెలిసిన గుర్తులు పెట్టుకునేవారు. శత్రువు వస్తే ఎడారిలోకి పారిపోయేవారు. వెంటపడినవాడు దాహంతో వెనక్కి తిరగాల్సిందే. ఇల్లే వద్దనుకున్న ఆ జనమే తర్వాత ఇంత నగరం కట్టారు. దక్షిణ అరేబియా సాంబ్రాణి, బోళం ఒంటెల మీద గాజా రేవుకు పోయే దారి వాళ్ల చేతిలో ఉండేది. ఎడారి దారిలో నీళ్లున్నవాడిదే పెత్తనం. డబ్బు అలా వచ్చింది.

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎర్ర సముద్రపు ప్రయాణ గ్రంథం ఉంది, పెరిప్లస్. అందులో ఒక చోట తెల్ల ఊరనే రేవు నుంచి నబతీయుల రాజు ఉండే పెట్రాకు దారి ఉందని రాశాడు. అదే పుస్తకంలో ఇంకో చోట తూర్పు తీరాన మసాలియా అనే ప్రాంతంలో సన్నని నూలు బట్టలు విరివిగా నేస్తారని రాశాడు. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని పండితులు గుర్తించారు. ఒకే వర్తకుడి పుస్తకంలో కృష్ణా డెల్టా, పెట్రా రెండూ ఉన్నాయన్నమాట.

సిక్ మధ్యలో ఒంటెల బారు చెక్కిన చోటు తప్పకుండా ఆగి చూడాలి. పై భాగం అరిగిపోయింది. ఒంటెల కాళ్లు, వాటిని నడిపించే మనిషి పాదాలు, అంగీ అంచు మిగిలాయి. ఆ కింది భాగం శతాబ్దాల పాటు వరద తెచ్చిన కంకరలో కూరుకుపోయి ఉంది కాబట్టి దక్కింది. 1990ల చివర్లో ఆ పూడిక తీశాకే అది బయటపడింది.

ఇక్కడే అసలు కథ. సిక్ ఒక వరద దారి. పైన వాన కురిస్తే నీళ్లన్నీ ఆ ఇరుకులోకే దూకుతాయి. అందుకని నబతీయులు సిక్ ముఖద్వారం దగ్గర అడ్డకట్ట వేసి, పక్క కొండలోంచి దాదాపు 88 మీటర్ల సొరంగం తొలిచి, వరదను ఇంకో లోయలోకి మళ్లించారు. కాలక్రమంలో ఆ కట్ట పాడైంది. 1963లో ఒక్కసారిగా వరద వచ్చి, సిక్‌లో ఉన్న ఫ్రెంచి యాత్రికులు 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆధునిక ఇంజనీర్లు కట్ట మళ్లీ కట్టారు. ఎక్కడ? నబతీయులు కట్టిన చోటే. అంతకన్నా మంచి చోటు లేదు మరి.

ఇక ఖజ్నా. దాదాపు 40 మీటర్ల ఎత్తున, కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. నబతీయుల రాజు నాలుగో అరెటస్ సమాధి అని చాలామంది పండితుల అభిప్రాయం. పైనున్న రాతి కలశంలో నిధి ఉందని నమ్మి బెదూయిన్లనే ఎడారి సంచార జనం కాల్చిన తుపాకీ గుండ్ల దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. ఇప్పుడు మనం ఫొటోకి నిలబడే నేల అసలు నేల కాదు. 2003లో తవ్వితే కింద ఇంకా సమాధులు బయటపడ్డాయి. అసలు నేలను పూడ్చేసింది వరద మట్టే.

జనం చాలావరకు ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. దయచేసి తిరక్కండి. ఇంకో అరగంట నడవండి. కొండలో తొలిచిన రంగస్థలం, దాని ఎదురుగా రాజ సమాధులు, తర్వాత స్తంభాల వీధి. ఆ వీధి పక్కన 1998లో తవ్వకాల్లో ఒక కొలను బయటపడింది. 43 మీటర్ల పొడవు, 23 మీటర్ల వెడల్పు, చుట్టూ తోట. వాన చుక్క కోసం కొండలు తొలిచినవాళ్లు, నడి ఊళ్లో కొలను కట్టి వచ్చిన వర్తకులకు చూపించారు. మా దగ్గర ఇంత నీళ్లున్నాయని చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం ఏముంటుంది?

క్రీ.శ. 106లో రోమన్లు రాజ్యాన్ని కలుపుకున్నారు. 363లో భూకంపం వచ్చి ఊరితోపాటు నీటి ఏర్పాట్లనూ బాగా దెబ్బతీసింది. వ్యాపారం అప్పటికే వేరే దారులు పట్టింది. ఊరు క్రమంగా ఖాళీ అయింది.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. లోపలికి దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. రావడానికి గంటకు పైగా ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులుంటే బ్యాటరీ బండ్లున్నాయి. అద్దైర్ అనే పై కట్టడానికి 800 మెట్లు. ఓడ టైంతో వచ్చినవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది, లేనిపోని టెన్షన్. ఓడ కంపెనీ టూర్‌లో వెళ్తే బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, సొంతంగా టాక్సీలో వెళ్తే ఆగదు. వాన సూచన ఉందంటే గైడ్ మాట వినండి. 2018 నవంబరులో వరద వస్తుందని వేలమందిని బయటికి పంపేశారు. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద జరిగిన దాడుల వల్ల చాలా క్రూయిజ్‌లు ఆ దారి మానుకున్నాయి. డబ్బు కట్టే ముందు ఓడ అఖాబాలో ఆగుతుందో లేదో కనుక్కోండి.

సిక్‌లోకి వెళ్లే ముందు కుడిచేతి వైపు వరదను మళ్లించిన ఆ సొరంగం నోరు కనిపిస్తుంది. గైడ్లు సాధారణంగా అక్కడ ఆగరు. ఐదు నిమిషాలు ఆపమని మీరే అడగండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.