తొమ్మిదో ప్రశ్న అడగడం నేర్పాలి, దానికి డబ్బు కావాలి

నమస్కారం అండి. డిప్రెషన్ ఉందో లేదో చూడటానికి డాక్టర్లు వాడే ఒక చిన్న ప్రశ్నల కాగితం ఉంటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, పని మీద మనసు నిలుస్తోందా, ఇలా ఎనిమిది ప్రశ్నలు తేలిగ్గానే అడిగేస్తారు. తొమ్మిదో ప్రశ్న అలాంటిది కాదు. గడిచిన రెండు వారాల్లో, ఈ బతుకు కంటే చచ్చిపోవడమే నయమని ఎన్ని రోజులు అనిపించింది అని అడగాలి. ఇక్కడికొచ్చేసరికి డాక్టర్లకే నోరు పెగలదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. ఈ భయం నిజమా అని పరిశోధకులు చాలాసార్లు పరీక్షించి చూశారు, నేరుగా అడిగినందువల్ల ఆ ఆలోచన పెరుగుతుందని తేలలేదు. అడగడం, జవాబు ‘అవును’ అని వస్తే కంగారు పడకుండా తర్వాతేం చేయాలో తెలిసి ఉండటం, ఇది నేర్పితే వచ్చే పని. నేర్పడానికి డబ్బు కావాలి, ఎలా నేర్పితే ప్రాణాలు నిలబడతాయో తేల్చే పరిశోధనకీ డబ్బు కావాలి. ఈ రోజు నా మాటంతా ఆ డబ్బు గురించే.

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. మనకేమో లక్ష జనాభాకి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, ఉన్నవాళ్లలో ఎక్కువమంది సిటీల్లోనే. అందుకే ఆ కష్టంలో ఉన్న మనిషికి ముందుగా ఎదురయ్యేది పీహెచ్‌సీ డాక్టరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, లేదంటే క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ చేస్తున్న స్టాఫ్ నర్సు.

క్యాజువాలిటీ సంగతే తీసుకోండి. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీసుకొస్తారు. మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసులకు కబురు వెళ్తుంది, సెలైన్ పెడతారు, వార్డు బయట చుట్టాలు ‘ఎందుకిలా చేశావే’ అని ఏడుస్తూనే తిడుతుంటారు. నాలుగు రోజులకి ఒళ్లు కుదుటపడుతుంది, మాత్రలు రాసి డిశ్చార్జ్ చేసేస్తారు. మనసులో ఏముందని అడిగే మనిషి ఉండదు చాలాచోట్ల. వాళ్లు రాతిగుండె మనుషులని నేననను, వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఒకసారి ప్రయత్నించిన మనిషికి మళ్లీ ప్రమాదం ఉంటుందని, ఇంటికెళ్లిన మొదటి వారాలు మరీ గడ్డుకాలమని తెలిసి కూడా అలాగే పంపేస్తున్నాం.

ఈ గడ్డుకాలం మీదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక అధ్యయనం చేయించింది, అందులో మన చెన్నై కూడా ఉంది. ఆత్మహత్యాయత్నం తర్వాత ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుకి దానితోపాటు డిశ్చార్జ్ ముందు ఓ గంట కూర్చుని మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేయడమో, ఇంటికెళ్లి పలకరించడమో. 2008లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం అందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతే, పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. ఖరీదైన మందు లేదు, మిషన్ లేదు, శిక్షణ పొందిన నర్సు చేయగలిగిన పని. ఇంత తెలిసి ఇన్నేళ్లయినా ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇది రోజువారీ పద్ధతి ఎందుకు కాలేదని నాకు కోపంగానే ఉంది.

మన తెలుగు నేల మీద కూడా పని జరిగింది. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి ఈ ప్రశ్నలు అడగడం నేర్పారు. ఊళ్లో తెలిసిన మనిషి అరుగు మీద కూర్చుని ‘వదినా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా’ అని మొదలుపెడితే ఎదుటివాళ్లు బిగుసుకుపోరు కదా. సమస్య కనబడితే పీహెచ్‌సీకి పంపుతారు, అక్కడి డాక్టరుకు ఏ వైద్యం చేయాలో ట్యాబ్‌లోనే సూచనలు ఉంటాయి, ఎవరింటికి ముందు వెళ్లాలో ఆశాకి ట్రాఫిక్ లైట్ రంగుల్లో కనిపిస్తుంది. గిరిజన గ్రామాల్లో, సమస్య ఉందని తేలినవాళ్లలో అంతకుముందు 0.8 శాతం మందే వైద్యం తీసుకునేవాళ్లు, అది 12.6 శాతానికి పెరిగింది. తర్వాత హర్యానాను కూడా కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో ఇదే పద్ధతిని పరీక్షించారు. ఆ పెద్ద అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి. వాళ్లకు దండం పెట్టాలి. కానీ గ్రాంటు అన్నాక ఏదో ఒక తేదీకి అయిపోతుంది.

అయిపోతే ఏమవుతుందో స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిని చూస్తే తెలుస్తుంది. 1983, 84ల్లో అక్కడి జనరల్ డాక్టర్లకు డిప్రెషన్‌ను గుర్తించడం, వైద్యం చేయడం నేర్పారు. ఆత్మహత్యలు తగ్గాయి. మూడేళ్లు తిరిగేసరికి, మళ్లీ శిక్షణ ఇవ్వక, నేర్చుకున్న డాక్టర్లలో కొందరు దీవి వదిలి వెళ్లిపోయి, పరిస్థితి మొదటికొచ్చింది. తగ్గినప్పుడు కూడా ఎక్కువగా ఆడవాళ్లలోనే తగ్గింది, మగవాళ్లు డాక్టరు గడప తొక్కితే కదా!

కాబట్టి ఒక రోజు జిల్లా కేంద్రంలో క్లాసు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తే సరిపోదండి. ఆరు నెలల తర్వాత ఆ నర్సు ఆ ప్రశ్న అడుగుతోందా, ఎన్నాళ్లకోసారి మళ్లీ నేర్పాలి, మగవాళ్లను ఎలా రప్పించాలి, రోజూ ఇలాంటి గోడు వినే ఆశా మనసుకి ఎవరు తోడు, ఆ అదనపు పనికి ఆమెకు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ మన జిల్లాల్లోనే కనుక్కోవాలి, మన డబ్బుతో కనుక్కోవాలి.

ఇది ఎవరో దయతో ఇవ్వాల్సింది కూడా కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 31వ సెక్షన్ ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో, జైళ్లలో పనిచేసే మెడికల్ ఆఫీసర్లందరికీ కనీస మానసిక వైద్యంలో, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని రాసి ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉంది. 2030కల్లా ఆత్మహత్య మరణాలు 10 శాతం తగ్గించాలని 2022 నవంబరులో కేంద్రం జాతీయ వ్యూహం కూడా ప్రకటించింది. మీ ఎమ్మెల్యే, మీ జిల్లా వైద్యాధికారి కనబడినప్పుడు అడగండి, మన పీహెచ్‌సీలో ఈ శిక్షణ ఎవరెవరికి అయింది, ఈ ఏడాది దానికి ఎంత కేటాయించారు అని.

ఇది వింటున్నవాళ్లలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తుంటే, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బులు పడవు, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.