కరెంటు పోయాక మిగిలే పది నిమిషాలు

అందరికీ నమస్కారం. ఆరు గంటల సభ ఆరుంపావుకు మొదలైంది. మద్రాసులో ఎన్నేళ్ళున్నా మనం తెలుగువాళ్ళమే అని రుజువైంది కనుక సంతోషిద్దాం.

నా తప్పుతోనే మొదలుపెడతాను. 2016 డిసెంబరు 12, వర్దా తుపాను ఈ నగరం మీద పడిన రోజు. వీధి వీధికీ చెట్లు కూలాయి, కొన్ని పేటల్లో కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఆ రోజు పశ్చిమ మాంబళంలో మా పిన్ని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆవిడది పచ్చళ్ళ వ్యాపారం. ఎవరికి ఎంత ఆవకాయ వెళ్ళింది, ఎవరు ఎంత బాకీ, అన్నీ అందులోనే. "గాలి పెరుగుతోంది, ఇక ఆపేయరా" అంది పిన్ని. "యూపీఎస్ ఉంది కదా" అన్నాను. కరెంటు పోయినా కంప్యూటర్‌ను కొన్ని నిమిషాలు నడిపే బ్యాటరీ డబ్బానే యూపీఎస్ అంటాం. కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క కూత పెట్టింది, ఆ కూతతోనే తెర నల్లబడింది. ఆ యూపీఎస్ నాలుగేళ్ళ కిందట నేను పెట్టిందే. ఆ నాలుగేళ్ళలో దాని బ్యాటరీ ఎలా ఉందని ఒక్కసారీ చూడలేదు. లెక్కల ఫైలు మళ్ళీ తెరుచుకోలేదు. పిన్ని ఏమీ అనలేదు గానీ, ఆ ఏడాది సంక్రాంతికి మా ఇంటికి జాడీ రాలేదు.

ఫైలు ఎందుకు చెడింది? మనం సేవ్ అన్న క్షణంలోనే అంతా డిస్కు మీదికి చేరదు. కొంత ఇంకా మెమరీలోనే ఉంటుంది. కరెంటు పోతే మెమరీలోది మాయమవుతుంది, డిస్కు మీద సగం రాసిన మాట మిగులుతుంది. సగం కొత్త లెక్క, సగం పాత లెక్క కలిసిన పుస్తకాన్ని ఏ గుమాస్తా మాత్రం చదవగలడు?

"మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది" అంటారు చాలామంది. 2012లో చెన్నైలో రోజుకు రెండు గంటల కోత పెట్టినప్పుడు చాలా ఇళ్ళలోకి ఇన్వర్టర్లు వచ్చాయి. ఫ్యాను, లైటు అయితే కరెంటు ఒక్క రెప్పపాటు తప్పినా పట్టించుకోవు. కంప్యూటర్ అలా కాదు. దాని లోపలి పవర్ సప్లై సెకనులో యాభయ్యో వంతుకు అటూ ఇటూ మాత్రమే ఊపిరి బిగబట్టగలదు. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా బ్యాటరీకి మారితే కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది. అది వేగంగా మారడానికి చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఇంటికి వెళ్ళగానే అది ఎటు ఉందో చూడండి.

ఇక యూపీఎస్ డబ్బా మీద 600 వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్లు, అని ఉంటే అవి 600 వాట్లని అనుకోకండి. చిన్న యూపీఎస్‌లలో అది సుమారు 360 వాట్లే. లేజర్ ప్రింటర్‌ను దానికి ఎప్పుడూ తగిలించవద్దు. కాగితం మీద పొడిని కరిగించడానికి అది ఇస్త్రీపెట్టెలా కరెంటు లాగుతుంది.

అసలు సంగతి బ్యాటరీ. లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు. నూట యాభై వాట్ల కంప్యూటర్‌కు అరగంట వస్తుందని కాగితం చెబుతుంది. కానీ సీసపు బ్యాటరీని వేగంగా పిండితే అది తన దగ్గర ఉన్నదంతా ఇవ్వదు. కొత్తదైనా పది, పదిహేను నిమిషాలు. నన్నడిగితే అది చాలు. సినిమా చూడటానికి కాదు కదా, పని సేవ్ చేసి మర్యాదగా ఆపడానికి.

దానికి శత్రువు వేడి. ఇరవై అయిదు డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. మన ఊరి మే నెలలో, గాలి ఆడని అలమరలో, బల్ల కింద గోడకు ఆనించి పెడితే రెండేళ్ళు బతకడమే గొప్ప. పిన్ని ఇంట్లో అది అటక మీద, రేకు కప్పు కింద ఉండేది. అక్కడ పెట్టింది కూడా నేనే.

మూడు నెలలకొకసారి పరీక్షించండి. ప్లగ్గు పీకవద్దు, పీకితే ఎర్తింగ్ కూడా తెగిపోతుంది. గోడ స్విచ్ ఆపితే చాలు. కంప్యూటర్‌లో పని అంతా సేవ్ చేశాకే సుమా. ఎన్ని నిమిషాలు ఆగిందో డబ్బా మీదే రాసిపెట్టండి. పాత బ్యాటరీని చెత్తలో వేయకండి, కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చేయండి. లోపల సీసమూ ఆమ్లమూ ఉంటాయి.

ఈ బల్ల మీద ఉన్న యూపీఎస్ ఈ సభవారిదే. కొని మూడేళ్ళయిందని ఇందాక కార్యదర్శిగారు చెప్పారు, పరీక్షకు ఒప్పుకున్నారు కూడా. దీనికి ఒక కంప్యూటర్ తగిలించాను. ముందు వరుసలో గడియారం ఉన్నవారు చూడండి. ఇదిగో, స్విచ్ ఆపుతున్నాను.